జడ్జిగారి పొదుగు పరీక్ష

జూన్ 1, ఆదివారం

మా బావమరిది మాట తప్పి మూడు పదుల ఏళ్ళు దాటింది. కొత్తగా పశువుల డాక్టరైన రోజుల్లో మా మొదటి ఆవు వీపు మీద చెయ్యి వేసి, "బావా, నీ కొట్టంలో ఆవు తుమ్మినా చాలు, తినే కంచం వదిలేసి వస్తా" అన్నాడు. ఆవు తుమ్మలేదు. దాని పొదుగు రాయిలా గట్టిపడింది. కబురు మీద కబురు పంపాం. ఆయనగారు మూడో నాడు విచ్చేశారు. ఆవు అంతకు ముందు రోజే వెళ్ళిపోయింది. చెయ్యి కడుక్కుని, అక్క వడ్డించిన భోజనం చేసి వెళ్ళాడు. కంచం మాత్రం వదల్లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నిన్న పాల కేంద్రం వాళ్ళ నోటీసు వచ్చింది. మా షెడ్డు పాలల్లో తెల్లకణాలు హద్దు దాటాయట. అంటే ఏదో ఒక ఆవుకు పైకి కనపడకుండా పొదుగువాపు ఉందన్నమాట. నెలాఖరున మళ్ళీ శాంపిల్ తీస్తారు. అప్పటికి తగ్గకపోతే మా పాలు తీసుకోరు. ఈ ఇల్లు నిలబడింది ఆ పాల మీదే. కొడుకు మేత పొలం చూస్తాడు, కోడలు షెడ్డు చూస్తుంది, నేను వాళ్ళ తప్పులు చూస్తాను. పాలు ఆగితే ముగ్గురికీ పని పోతుంది.

"తమ్ముణ్ణి ఒకసారి వచ్చి చూడమననా?" అంది మా ఆవిడ.

"ఎందుకు? భోజనానికా?" అన్నాను.

అందుచేత, ఈ రోజు నుంచి ప్రతిజ్ఞ:

ఒకటి. రోజూ పొద్దున్నే ప్రతి ఆవు పాలూ నేనే స్వయంగా, షెడ్డులోనే పరీక్షిస్తాను.
రెండు. క్రిమి ఉందని రుజువైతే తప్ప ఏ ఆవు చన్నులోకీ మందు గొట్టం ఎక్కించను.
మూడు. డాక్టర్ని పిలవను. ముఖ్యంగా ఆ డాక్టర్ని.

మూడోది రాసేటప్పుడు కలం ఎంత హాయిగా నడిచిందో!

జూన్ 2, సోమవారం

సామాను వచ్చింది! నాలుగు గుంటల తెల్ల పళ్ళెం, ఊదారంగు మందు సీసా, మూతలున్న ప్లేట్లు, వాటిని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ పెట్టె. ఒక పుస్తకం కూడా. ముప్పై ఏళ్ళు గ్రంథాలయం నడిపినవాణ్ణి, పుస్తకం నాకొక లెక్కా? ముందుమాట చదివాను. భాష బాగా లేదు. మిగతాది వదిలేశాను.

పొద్దున అయిదున్నరకు షెడ్డులో ప్రవేశం. పద్ధతి చాలా సులువు. నాలుగు చన్నుల పాలు నాలుగు గుంటల్లోకి. అంతే కొలతతో మందు. గుండ్రంగా తిప్పాలి. పలచగా ఉంటే ఆరోగ్యం. చీమిడిలా సాగితే రోగం. నేను ఇంతవరకు చదివిన విమర్శ గ్రంథాలేవీ మంచిచెడ్డలను ఇంత స్పష్టంగా తేల్చలేదు.

మా ఆవులకు పేర్లు నేనే పెట్టాను. జీవితంలో నన్ను తన్నినవాళ్ళ పేర్లు. గట్టు తగాదాలో నా కేసు కొట్టేసిన జడ్జి. నా ప్రమోషన్ తన మేనల్లుడికి ఇచ్చుకున్న సెక్రటరీ. నా వ్యాసాన్ని పోస్టు ఖర్చులు కూడా నా మీదే వేసి తిప్పి పంపిన ఎడిటరు. ఇంకా పెద్దొదిన, ఇంటి ఓనరు, వగైరా. మొత్తం పద్నాలుగు. బావమరిది పేరు మాత్రం ఏ ఆవుకూ పెట్టలేదు. ఆవు మంచి జంతువు.

ఫలితం:
జడ్జి, ఎడమ వెనక చన్ను: చిక్కటి చీమిడి.
సెక్రటరీ, కుడి ముందు చన్ను: కొద్దిగా సాగింది.
మిగతా పన్నెండు: నీళ్ళలా పలచన.

జడ్జి మా షెడ్డుకు పెద్ద దిక్కు. పాలల్లో దాన్ని మించింది లేదు. పైకి చూస్తే నిగనిగలాడుతూ నెమరేస్తోంది. రోగం లోపల దాచుకుని పైకి గంభీరంగా ఉండటంలో అసలు జడ్జిగారే గుర్తొచ్చారు.

"మావయ్యగారూ, ఒక్కో ఆవు దగ్గర ఇంత సేపైతే పాల వ్యాను ఆగదండీ" అంది కోడలు.

"చరిత్ర ఆగదమ్మా, వ్యానుదేముంది, ఆగుతుంది" అన్నాను.

ఆగలేదు. క్యాన్లు కోడలే కేంద్రానికి మోసుకెళ్ళింది. ఇలాంటి చిన్న చిన్న త్యాగాలు తప్పవు.

జూన్ 5, గురువారం

ఈ రోజు రెండో మెట్టు. చీమిడి వచ్చిందంటే పొదుగులో పోరాటం జరుగుతోందని అర్థం. అందులో క్రిమి ఇంకా ఉందా, ఒళ్ళే దాన్ని తరిమేసిందా అన్నది ప్లేటు మీద తేలుతుంది. పాలు పూసి, పెట్టెలో ఒక రోజు ఉంచితే, క్రిమి బతికుంటే చుక్కలు చుక్కలుగా మొలుస్తుంది. మొలిస్తే మందు. మొలవకపోతే వద్దు.

రెండు ప్లేట్లు. ఒకటి జడ్జిది, ఒకటి సెక్రటరీది. మూతల మీద పేర్లు రాశాను, గుండ్రటి అక్షరాలతో. పెళ్ళిపత్రిక మీద కూడా ఇంత అందంగా రాయలేదు.

షెడ్డులో దుమ్మని పెట్టెను భోజనాల గదిలో పెట్టాను.

"తినే చోట జబ్బులు పెంచుతారా?" అంది మా ఆవిడ.

"ఇన్నాళ్ళూ మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టలేదూ?"

మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళింది. తలుచుకుంటే చాలు ప్రత్యక్షం అన్నట్టు, సాయంత్రం వాడే దిగాడు. అక్క చేతి కాఫీ కోసం.

"ఏం బావా, డాక్టరువైపోయావట! కంపౌండరు పోస్టు ఉంటే చెప్పు, నెలాఖరున రిటైరవుతున్నా."

"నీ సర్వీసు రికార్డు చూస్తే కంపౌండరు పోస్టు కూడా కష్టమే బావమరిదీ."

పకపకా నవ్వాడు. తిడితే నవ్వే మనిషితో ఎలా వేగాలి? నేను పెరట్లోకి వెళ్ళి వచ్చేసరికి పెట్టె తెరిచి, ప్లేట్ల మూతలెత్తి వాసన చూస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ అంతేనట. ఏ ఇంటికి వెళ్ళినా వంటింట్లోకి దూరి గిన్నెల మూతలెత్తడం.

"ఇంకా మొలవలేదులే. రేపు చూడు" అన్నాడు, నాకు తెలియనట్టు.

జూన్ 6, శుక్రవారం

ఫలితాలు! సాయంత్రం చేతులు కడుక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, పరీక్షాఫలితాలు చూసే పిల్లవాడిలా పెట్టె తెరిచాను.

జడ్జి మూత కింద: ఏమీ లేదు. అద్దంలా శుభ్రం.
సెక్రటరీ మూత కింద: దట్టంగా మొలిచింది.

మొదట ఆశ్చర్యం వేసింది. చిక్కటి చీమిడి జడ్జిది కదా? తర్వాత ఆలోచిస్తే అంతా అర్థమైంది. జడ్జి బలమైన ఆవు, దాని ఒళ్ళే క్రిమిని చంపేసింది. సెక్రటరీ దొంగ. తక్కువ చూపించి ఎక్కువ దాచుకుంది. పేరుకు తగ్గ ఆవు.

కాబట్టి మందు సెక్రటరీకి. మందు వేసిన ఆవు పాలు మిగతా పాలల్లో కలపకూడదు, పారబోశాం. జడ్జికి ఏమీ అక్కర్లేదు.

"అంత చీమిడి వచ్చింది కదా మావయ్యగారూ, జడ్జిని డాక్టరు బాబాయిగారికి ఒకసారి చూపిస్తే?" అంది కోడలు.

"ప్లేటు అబద్ధం చెప్పదమ్మా. మనుషులు చెబుతారు" అన్నాను. వాక్యం చాలా బాగా వచ్చింది కనుక ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

జూన్ 8, ఆదివారం

సెలవు. వారానికి ఒకరోజు క్రిములైనా విశ్రాంతి తీసుకోవా?

జూన్ 10, మంగళవారం

కోడలు ఒక ఒప్పందం తెచ్చింది. పరీక్ష నేను వ్యాను వెళ్ళాక చేసుకోవాలట. వ్యాను వెళ్ళాక ఇక పాలెక్కడివి? అప్పటికి పొదుగులన్నీ ఖాళీ. ఈ మాట అంటే, "మరి ఇంకో గంట ముందు లేవండి" అంది. ఈ కాలం పిల్లలకు పెద్దలంటే గౌరవం లేదు, తర్కం మాత్రం దండిగా ఉంది.

మధ్యేమార్గం: రోజుకు నాలుగు ఆవులు. ప్రతినిధులుగా. పార్లమెంటు కూడా అలాగే నడుస్తుంది.

జూన్ 13, శుక్రవారం

పరీక్షించినవి: పెద్దొదిన ఒక్కటే. దాని పక్కన నిలబడితే గాలి బాగా వస్తుంది.

నడుం పట్టింది. వంగితే లేవడం లేదు, లేస్తే వంగడం లేదు. ఈ వయసులో నలభై తొమ్మిది చన్నులకు నమస్కారాలు పెట్టడం నా వల్ల కాదు. పద్నాలుగు ఆవులకు యాభై ఆరు కదా అనకండి. కొన్నిటికి నేను నమస్కారం పెట్టను.

జూన్ 16, సోమవారం

పొద్దున పళ్ళెం కనపడలేదు. పెద్దగా వెతకలేదు.

టిఫిను దగ్గర దొరికింది. మా ఆవిడ దాన్ని మరిగే నీళ్ళతో కడిగి, నాలుగు గుంటల్లో నా నాలుగు పూటల మాత్రలు సర్దింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. ఆ పళ్ళేన్ని కనిపెట్టినవాడు కూడా ఇంత చక్కటి ఉపయోగం ఊహించి ఉండడు.

"పొదుగుల కింద తిరిగిన పళ్ళెం అది!"

"మూడు రోజుల నుంచి ఎక్కడా తిరగలేదుగా" అంది.

ఇంక్యుబేటర్ తెరిచి చూస్తే పెరుగు తోడుకుంటోంది.

"అందులో క్రిములు పెంచుతారన్నారుగా. వీటికేం తక్కువ?"

పెరుగు గడ్డగా, తియ్యగా ఉంది. సైన్సు ఎటు పోయినా వృథా కాదు. రెండుసార్లు వడ్డించుకున్నాను.

జూన్ 18, బుధవారం

జడ్జి దాణా ముట్టలేదు. పాలు తీసే మెషీన్ తగిలించబోతే కోడల్ని తన్నింది. అది ఇంతవరకు నన్ను తప్ప ఎవర్నీ తన్నలేదు.

ఎడమ వెనక చన్ను వేడిగా ఉంది. పరీక్ష చెయ్యడానికి పళ్ళెం అక్కర్లేకపోయింది. పిండితే పాలు కాదు, పసుపు నీళ్ళు, పెళ్ళలు.

"బాబాయిగారికి ఫోన్ చేస్తా" అంది కోడలు.

"ప్లేటులో ఏమీ లేదు."

"మావయ్యగారూ, ప్లేటుకు జ్వరం రాలేదు. ఆవుకొచ్చింది."

"ఎండ దెబ్బ. తగ్గుతుంది."

ప్రతిజ్ఞ అంటే ప్రతిజ్ఞ. కష్టం రాగానే వదిలేసే దానికి ప్రతిజ్ఞ అని పేరెందుకు? సాయంత్రం దాకా జడ్జి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. తడిగుడ్డ వేశాను. దాని కళ్ళల్లోకి చూస్తే, తీర్పు ఇవ్వబోయే ముందు ఆయనగారు చూసినట్టే చూసింది. ఈసారి కేసు నా వైపు బలంగా లేదని నాకూ తెలుసు.

జూన్ 19, గురువారం

పొద్దున జడ్జి లేవలేదు. పొదుగులో ఒక భాగం రాయి. చెవులు చల్లబడ్డాయి. ఆ రాయి నా చేతికి తెలుసు. ముప్పై ఏళ్ళ కిందట తాకిన చెయ్యే ఇది.

నేను ఫోన్ చెయ్యలేదు. మా ఆవిడ చేసింది. నన్ను అడగలేదు, చెప్పలేదు, నా ముందే నిలబడి చేసింది. "ఒరేయ్, తొందరగా రారా. మీ బావ కూర్చున్నచోటి నుంచి లేవడం లేదు, ఆవూ లేవడం లేదు."

కోడలు ఇంకా మిగతా ఆవుల పాలు తీస్తుండగానే వచ్చేశాడు. చొక్కా బొత్తాలు ఒకదాని కాజాలో ఇంకొకటి. కాళ్ళకు జోడు రెండూ ఒక రకం కాదు. నాకు పలకరింపు లేదు, హాస్యం లేదు. సూదులు, సీసాలు, చన్నులోకి మందు. ఒక గంట పాటు ఆ మనిషి ఒక్క వెటకారం కూడా ఆడలేదు. నాకు భయం వేసింది.

జడ్జి తల ఎత్తాక అడిగాడు.

"చీమిడి ఎప్పుడు కనపడింది?"

"రెండో తారీఖునే బాబాయిగారూ" అంది కోడలు. "ప్లేటులో ఏమీ మొలవలేదని మావయ్యగారు మందు వద్దన్నారు. సెక్రటరీకి వేశారు."

"సెక్రటరీ ఎవరు?"

"ఆ నల్ల ఆవు."

"ఆ ప్లేట్లేవి?"

ఇచ్చాను. పారెయ్యకుండా, గట్టిగా కట్టిన సంచిలో దాచుకున్నాను. విజయ చిహ్నాలు కదా. సంచి లోంచే ప్లేట్లను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అడుగున పేరేది?"

"మూత మీద ఉంది, కనపడటం లేదా?"

"అడుగున రాయాలి బావా. మొలిచేది అడుగు గిన్నెలో. మూతదేముంది, ఏ గిన్నె మీదైనా కూర్చుంటుంది."

రెండు ప్లేట్లు, రెండు మూతలు. వాటిని ఎత్తి వాసన చూసిన మనిషి ఎవరో నాకు గుర్తుంది. ఆ మాట తియ్యగా నోటి దాకా వచ్చింది. ఇంతలో వాడే అన్నాడు.

"ఆ రోజు ఎత్తింది నేనే. ఏ మూత ఎక్కడ పెట్టానో చూసుకోలేదు. మొలిచింది జడ్జిదే అయ్యుంటుంది."

"చూశావా!" అన్నాను.

"పుస్తకంలో ఉండాలే, అడుగున రాయమని?" అంటూ తిరగేశాడు. ఉంది. మూడో పేజీలో. పెద్ద అక్షరాల్లో.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "ఇద్దరూ ఇద్దరే. మధ్యలో నోరు లేనిది బలి" అని లోపలికి పోయింది.

చెయ్యి కడుక్కుంటూ వాడు అసలు విషయం ఎత్తాడు. ఎత్తకపోతే బాగుండేది.

"మీ మొదటి ఆవుకు వచ్చింది ఇదే జబ్బు. కబురు అందిన రోజే బయల్దేరా బావా. సగం దారిలో టీ కొట్టు దగ్గర ఆగిపోయా. ఉద్యోగంలో చేరి నెల. ఆ రోగం పుస్తకంలో చూడటమే. నా చేతిలో పోతే అక్క మొహం ఎలా చూడాలో తెలియలేదు. రెండు రోజులు బయల్దేరటం, ఆగటం."

ఇన్నేళ్ళుగా పేకాటకు పోయాడనే అనుకున్నాను. పేకాట అయితే ఎంత బాగుండేది! వాడు క్షమించమని అడిగితే చెప్పడానికి ఒక వాక్యం సిద్ధంగా ఉంచుకున్నాను, ఏళ్ళ తరబడి సానపట్టి. వాడు అడగనే లేదు. సంచి సర్దుకుని, "జడ్జి పాలు, సెక్రటరీ పాలు నేను చెప్పేదాకా క్యాన్లో కలపకండి" అని కోడలికి చెప్పి వెళ్ళిపోయాడు.

భోజనానికి ఉండమంది మా ఆవిడ. ఉండలేదు. అదొకటి.

జూన్ 24, మంగళవారం

జడ్జి లేచింది. మేస్తోంది. నన్ను తన్నింది కూడా, కాబట్టి కోలుకున్నట్టే. ఎడమ వెనక చన్ను మాత్రం ఎండిపోయింది. ఇక దాంట్లో పాలు రావు.

"తమరు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు" అంది మా ఆవిడ. "ఇప్పుడు ఆవుకు మూడే చన్నులు."

వాడు రోజూ వస్తున్నాడు. పొద్దున, సాయంత్రం. మాట నిలబెట్టుకునే అలవాటు ఈ వయసులో పట్టుకుంది వాడికి. కొందరికి ఆటలమ్మ కూడా ముసలితనంలోనే వస్తుంది.

నేను పలకరించలేదు. ఈ రోజు మాత్రం, "జోడు సరిగ్గా చూసి వేసుకో" అన్నాను. అది పలకరింపు కిందికి రాదు.

జూన్ 30, సోమవారం

కేంద్రం వాళ్ళు వచ్చి శాంపిల్ తీసుకెళ్ళారు. కోడలు క్యాను మూత పట్టుకుని నిలబడింది. తిరిగి పెట్టడం మర్చిపోయింది. పొలం నుంచి కొడుకు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఫలితం రేపు.

నాకు ఆందోళన ఏమీ లేదు. మాత్రలు వేసుకోవడం మర్చిపోయాను, అంతే. తర్వాత గుర్తొచ్చి రెండు గుంటల మాత్రలు ఒకేసారి వేసుకున్నాను.

జులై 1, మంగళవారం

తగ్గింది! హద్దులోపలికి దిగింది. పాలు తీసుకుంటారు. కోడలు షెడ్డులోంచి పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పి, వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది. పద్నాలుగు ఆవులూ ఉంటాయి. జడ్జితో సహా.

ఎందుకు తగ్గిందో నాకు తెలుసు. కణాలన్నీ జడ్జి పాలల్లోంచే వచ్చాయి. ఆ పాలు క్యాన్లో కలపవద్దన్నది వాడు. అంతే. ఇందులో నా పరీక్షల పాత్ర, పెరుగులో చెంచా పాత్ర.

సాయంత్రం కేంద్రం సూపర్‌వైజరు ఫోన్.

"అద్భుతమండీ! ఒక్క నెలలో ఇంత తేడా! డాక్టరుగారు అంతా చెప్పారు."

"ఏం చెప్పాడు?"

"అంతా మా బావ చలవే అన్నారండీ. రోజూ తెల్లవారకముందే లేచి, స్వయంగా పరీక్షలు చేశారట కదా? జడ్జి అనే ఆవులో రోగం మొట్టమొదట పట్టుకున్నది మీరేనట. వచ్చే వారం మా రైతులందరికీ మీరొచ్చి పద్ధతి వివరించాలి."

కాదనొచ్చు. నిజం చెప్పొచ్చు. "ఏదో మీ అభిమానం" అన్నాను.

ఫోన్ పెట్టాక చాలాసేపు పెరట్లో తిరిగాను. తప్పులో సగం వాడిది, అది పైకి చెప్పేశాడు. మెప్పు మొత్తం వాడిది, అది నాకు కట్టబెట్టాడు. ఇదేం మర్యాద? ఒక మనిషిని సవ్యంగా ద్వేషించడం ఊరికే వచ్చే విద్య కాదు. ఏళ్ళ తరబడి సాధన కావాలి. జడ్జి పోయాడు, సెక్రటరీ పోయాడు, ఎడిటరు ఎప్పుడు పోయాడో కూడా తెలియదు. బతికున్నవాడు వీడొక్కడు. వీడూ ఒక పొద్దున్నే వచ్చి నిజం చెప్పి, ఆవును బతికించి, మంచిపేరు నా నెత్తిన పెట్టి, అన్నం తినకుండా వెళ్ళిపోయాడు. ఈ వయసులో కొత్త శత్రువును ఎక్కడ వెతుక్కోను?

సరే. రేపటి నుంచి మళ్ళీ మొదలు. ఈసారి గట్టిగా. ప్రతి ఆవు, ప్రతి చన్ను, ప్రతి పొద్దున. పుస్తకం మూడో పేజీ దాకా చదువుతాను. డాక్టర్ని పిలవను. వాడంతట వాడు వస్తే ఏం చెయ్యాలన్నది మాత్రం ప్రతిజ్ఞలో ఇంకా రాయలేదు.

వచ్చే వారం రైతుల ముందు నిలబడి పద్ధతి అంతా చెబుతాను. ఇంత చదువుకున్నవారు, ఇన్ని పరీక్షలు చేసినవారు, మరి జడ్జికి ఆ ఒక్క చన్ను ఎలా పోయిందండీ అని ఎవడో ఒకడు తప్పకుండా అడుగుతాడు. తడుముకోవలసిన పని లేదు. మొత్తం తప్పు ఒక్కడిదే: మా బావమరిది.